ఫ్యాన్లు మార్చినా తగ్గని వేడి: ఇంట్లో కట్టిన లీనియర్‌లో ఒక హెచ్‌టి ట్రాన్స్‌ఫార్మర్ కేసు

ఈ కేసు నాకు తెలిసిన ఒక అమెచ్యూర్ రేడియో ఆపరేటర్‌ది. ఆయన సరేనన్నాకే రాస్తున్నాను. కాల్‌సైన్, ఊరు, మనిషిని గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాను. ఇందులో నా తప్పు కూడా ఒకటి ఉంది, దాన్ని మాత్రం ఉంచాను.

నేపథ్యం

లీనియర్ (రేడియో సిగ్నల్ పవర్ పెంచే యాంప్లిఫయర్) ఆయన సొంతంగా కట్టుకున్నదే. రెండు 3-500జెడ్ వాక్యూమ్ ట్యూబులు, గ్రౌండెడ్ గ్రిడ్ సర్క్యూట్. హెచ్‌టి (ట్యూబులకు కావాల్సిన హై వోల్టేజి ఇచ్చే) ట్రాన్స్‌ఫార్మర్ ఏదో పాత యంత్రంలోంచి తీసిన సర్‌ప్లస్ సరుకు, 22 కిలోల బరువు. లేబుల్ సగం చెరిగిపోయింది. ప్రైమరీ 220 వోల్టులు, సెకండరీ 2200 వోల్టులు అన్నంత వరకే చదవగలిగాం. ఇన్సులేషన్ ఏ క్లాసో రాసి లేదు. సెకండరీ నుంచి ఏసీని డీసీ చేసే డయోడ్ బ్రిడ్జి, దాని వెనక ఎనిమిది 450 వోల్టుల కెపాసిటర్లు సిరీస్‌లో. మొత్తం కలిపి 25 మైక్రోఫారడ్లు, 3600 వోల్టుల వరకు తట్టుకుంటుంది. ట్యూబులు, ఫిలమెంట్ ట్రాన్స్‌ఫార్మర్, హెచ్‌టి ట్రాన్స్‌ఫార్మర్ అన్నీ ఒకే పెట్టెలో ఉన్నాయి. వెనక ఒక ఫ్యాన్ గాలి లోపలికి తోస్తుంది, పైమూతకున్న చిల్లుల్లోంచి బయటికి పోతుంది.

కట్టిన రోజు నేనూ పక్కనే ఉన్నాను. డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు పవర్ మింగే రెసిస్టర్) మీద పది నిమిషాలు క్యారియర్, అంటే తెగకుండా సిగ్నల్ ఇచ్చి, ఆపి, ప్లగ్ పీకి, కెపాసిటర్లు ఖాళీ అయ్యాయని చూసుకుని, కోర్ మీద చెయ్యి పెట్టి చూశాం. గోరువెచ్చగా ఉంది. "బాగుందండీ, ఇంకేం భయం లేదు" అన్నది నేనే. 22 కిలోల ఇనుము, రాగి పూర్తిగా వేడెక్కడానికి పది నిమిషాలు ఏ మూలకీ చాలవు. ఆ బరువు ట్రాన్స్‌ఫార్మర్ వేడి ఒక స్థాయిలో నిలబడాలంటే రెండు మూడు గంటలు పడుతుంది. ఈ సంగతి నాకు తెలియక కాదు. ఆ రోజు ఇద్దరం సంబరంలో ఉన్నాం, అంతే.

సమస్య

ఏడాది పాటు ఎస్ఎస్‌బి (మాట పంపే మోడ్) మీద హాయిగా నడిచింది. తర్వాత ఆయనకు ఎఫ్‌టి8 (కంప్యూటర్‌తో పంపే డిజిటల్ మోడ్) పట్టుకుంది. ఎఫ్‌టి8కి ఇంత పవర్ ఎందుకని మీరు అడగొచ్చు. నేనూ అడిగాను. దానికి ఆయన దగ్గర జవాబు ఉంది, కానీ అది వేరే గొడవ.

ఎస్ఎస్‌బిలో మాట ఎక్కడికక్కడ తెగుతుంది, మధ్యలో వినడం కూడా ఉంటుంది. సగటు కరెంటు పీక్‌లో చిన్న భాగమే. ఎఫ్‌టి8లో 15 సెకన్ల స్లాట్‌లో 12.64 సెకన్లు పూర్తి క్యారియర్ వెళ్తుంది. స్లాట్ విడిచి స్లాట్ పంపితే 30 సెకన్లలో 12.64, అంటే 42 శాతం సమయం. అలా గంటల తరబడి.

రెండో వారంలో వార్నిష్ కమిరిన వాసన మొదలైంది. గంటన్నర నడిపాక వస్తుంది, ఆపితే పోతుంది. ఆయన ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పెట్టి చూస్తే కోర్‌ని బిగించి పట్టుకునే క్లాంపు మీద 62 డిగ్రీలు చూపించింది. "62 అంటే ట్రాన్స్‌ఫార్మర్‌కి ఏం లెక్క? వాసన ఇంకెక్కడిదో అయ్యుంటుంది" అని ఫోన్‌లో అన్నారు.

మొదట చేసింది

ఫ్యాను మార్చారు. ఎవరికైనా తట్టేది అదే. పాతదాని చోట పెద్దది పెట్టి, చాలదన్నట్టు పక్కన ఇంకొకటి బిగించారు. క్లాంపు మీద రీడింగు 54కి దిగింది. వాసన మాత్రం అలాగే ఉంది.

నేను వెళ్లింది అప్పుడు. నన్ను ఆపింది ఆ 54. అది ఎక్కడి వేడి? మెరిసే లోహం మీద ఇన్‌ఫ్రారెడ్ మీటరు ఉన్నదానికన్నా తక్కువే చూపిస్తుంది. క్లాంపు పక్కనే నల్లటి ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి, అది వేడెక్కేదాకా ఆగి చూస్తే 71 వచ్చింది. అదైనా బయటి వేడే. లోపల కాయితం పొరల మధ్య, వందల చుట్ల కింద ఉన్న రాగి ఎంత వేడిగా ఉందో ఏ మీటరూ బయటి నుంచి చూడలేదు.

ఆ సంగతి రాగినే అడగొచ్చు. వేడెక్కేకొద్దీ రాగి రెసిస్టెన్స్ డిగ్రీకి సుమారు 0.39 శాతం పెరుగుతుంది. వేడిగా ఉన్నప్పటి రెసిస్టెన్స్‌ని చల్లగా ఉన్నప్పటి రెసిస్టెన్స్‌తో భాగించి, దాన్ని చల్లటి ఉష్ణోగ్రతకు 234.5 కలిపిన మొత్తంతో గుణించి, అందులోంచి 234.5 తీసేస్తే వైండింగ్ (రాగి చుట్ల) సగటు ఉష్ణోగ్రత వస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ తయారీలో ఎప్పటి నుంచో వాడుతున్న పద్ధతే ఇది. ఇంట్లో లీనియర్ కట్టేవాళ్లు మాత్రం దీని జోలికి పెద్దగా పోరు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఆ కెపాసిటర్లలో నిండుగా ఉన్నప్పుడు 150 జౌళ్లు ఉంటాయి. రెండో ఛాన్సు ఇచ్చే వోల్టేజి కాదు. మా క్రమం ఇది: ప్లగ్ పీకడం, కెపాసిటర్లను ఖాళీ చేసే బ్లీడర్ రెసిస్టర్లు పని చేశాయని మీటరు సున్నాకి దిగే వరకు చూడటం, ఆ తర్వాత షార్టింగ్ స్టిక్ (మిగిలిన చార్జిని ఎర్త్‌కి దింపే కర్ర) తగిలించి అక్కడే వదిలేయడం. అప్పుడే సెకండరీ తీగలు బ్రిడ్జి నుంచి విప్పడం. ఇదంతా అయ్యేసరికి రెండు నిమిషాలు గడుస్తాయి, ఈలోపు వైండింగ్ కొంత చల్లారుతుంది. అందుకని రెండో నిమిషం, మూడో నిమిషం, నాలుగు, ఆరు, ఎనిమిది, ఇలా వరసగా రీడింగులు రాసుకుని, గ్రాఫు గీసి, ఆ గీతను వెనక్కి పొడిగించి స్విచ్ ఆపిన క్షణంలో విలువ ఎంతో చూశాం. తొందరపడి షార్టింగ్ స్టిక్ మెట్టు దాటేయడం కంటే గీత పొడిగించుకోవడం నయం.

రాత్రంతా చల్లారాక ఉదయం 28 డిగ్రీల గదిలో సెకండరీ 24.0 ఓమ్‌లు. రెండున్నర గంటలు ఎఫ్‌టి8 నడిపాక, పెద్ద ఫ్యాన్లు రెండూ తిరుగుతుండగా, 32.0 ఓమ్‌లు. లెక్క వేస్తే 115 డిగ్రీలు పైచిలుకు.

అదీ సగటు మాత్రమే. లోపల అన్నిటికన్నా వేడిగా ఉన్న చోటు ఇంకా ఎక్కువలో ఉంటుంది. ఇన్సులేషన్ క్లాస్ ఏ అయితే హద్దు 105 డిగ్రీలు, బి అయితే 130. లేబుల్ లేని పాత సరుకుని క్లాస్ ఏ కిందే లెక్కేసుకోవాలని నేను పట్టుబట్టాను. బి అనుకోవాలని ఆయన మనసు లాగింది. వాసన మాత్రం నా పక్షానే ఉంది. కాయితం, వార్నిష్ ఇన్సులేషన్‌కి ప్రతి పది డిగ్రీల పెరుగుదలకీ ఆయుష్షు దాదాపు సగం అవుతుందని ఒక మోటు లెక్క ఉంది. హద్దుకి పది డిగ్రీలు అటూ ఇటూ అయితే ఏముందిలే అనుకోలేకపోవడానికి కారణం అదే.

పనికిరానివి

కోర్‌కి రెండు వైపులా రెక్కల అల్యూమినియం హీట్‌సింకులు బిగించారు. బాగా అతకాలని లామినేషన్ల (కోర్‌లో పేర్చిన ఇనుప రేకుల) అంచుల మీద పెయింటు గీకి, థర్మల్ పేస్టు పూసి మరీ. టేపు మీద రీడింగు ఆరు డిగ్రీలు తగ్గింది. వైండింగ్ 114. అంటే కొలతలో వచ్చే తేడా అంత. రాగిలో పుట్టిన వేడి కాయితం పొరలన్నీ దాటి, బాబిన్ (తీగ చుట్టిన చట్రం) దాటి, గాలి సందు దాటి కోర్‌కి చేరాలి. అడ్డం అక్కడుంది. ఆ చివర, కోర్ బయట, రెక్కలు పెడితే అడ్డం తగ్గదు. పైగా ఇంకో సంగతి తర్వాత వాట్‌మీటరు పెట్టినప్పుడు బయటపడింది. హీట్‌సింకులు ఉంటే ఖాళీగా తినే పవర్ 3 వాట్లు ఎక్కువ. పెయింటు గీకిన అంచులను రెండు వైపులా లోహం కలిపేసింది, ఎడ్డీ కరెంట్లకు (ఇనుములోనే సుళ్లు తిరిగి వేడి పుట్టించే కరెంట్లకు) దారి దొరికింది. లామినేషన్లను విడివిడిగా ఉంచడానికి తయారీదారు పడిన శ్రమను మనం ఒక ఆకురాయితో పోగొట్టుకున్నాం. హీట్‌సింకులు తీసేసి, అంచులకు వార్నిష్ వేశాం.

తర్వాత ఆయన నూనె అన్నారు. ట్యాంకు చేయించి, ట్రాన్స్‌ఫార్మర్‌ని అందులో ముంచేద్దామని. ఆలోచన తప్పేం కాదు. పొరల్లోకి నూనె ఇంకితే లోపలి నుంచి బయటికి వేడి తేలిగ్గా వస్తుంది, ఇన్సులేషన్ వోల్టేజిని తట్టుకునే శక్తి కూడా పెరుగుతుంది. నేను వద్దన్నది వేరే లెక్కల మీద. నూనె వేడిని చేరవేస్తుంది, మాయం చేయదు. ఆ వాట్లన్నీ చివరికి ట్యాంకు గోడల మీదుగా గదిలోకి రావాల్సిందే. 10 లీటర్ల నూనె 50 డిగ్రీలు వేడెక్కితే మూడో వంతు లీటరు పైగా ఉబ్బుతుంది, దానికి చోటు ఉంచాలి. తీగల అల్లిక వెంబడి నూనె పైకి పాకి బయటికి కారుతుంది. ఈ ట్రాన్స్‌ఫార్మర్‌లోని పాత వార్నిష్, టేపుల జిగురు నూనెలో ఏమవుతాయో తెలియదు. ఎక్కడి నుంచో తెచ్చిన పాత నూనె అయితే అందులో పీసీబీలు అనే విష రసాయనాలు ఉండొచ్చు, అలాంటిది ఇంట్లో పెట్టుకోకూడదు. అన్నిటికంటే ముందు, అసలు ఎన్ని వాట్లు బయటికి పంపాలో మాకింకా తెలియదు. అది తెలియకుండా ట్యాంకు ఎంత పెద్దది చేయిస్తాం?

ఆ ప్రశ్న దగ్గర దారి మారింది.

వాట్లు ఎక్కడివి?

ముందు రాగి లెక్క. కీ నొక్కినప్పుడు ప్లేట్ కరెంటు (హెచ్‌టి నుంచి ట్యూబులు తీసుకునే డీసీ) 0.7 ఆంపియర్. బ్రిడ్జి, కెపాసిటర్ ఇన్‌పుట్ ఉన్నచోట సెకండరీ కరెంటు నున్నటి సైన్ వేవ్ కాదు, కెపాసిటర్ నింపడానికి పీక్ దగ్గర సన్నటి గుక్కలుగా వస్తుంది. అందుకే దాని ఆర్‌ఎంఎస్ విలువ డీసీకి 1.6 నుంచి 1.8 రెట్లు ఉంటుంది. 1.7 అనుకుంటే 1.19 ఆంపియర్లు. దాని వర్గాన్ని 24 ఓమ్‌లతో గుణిస్తే 34 వాట్లు. ప్రైమరీ రెసిస్టెన్స్ 0.22 ఓమ్, అక్కడ కరెంటు పది రెట్లు, అంటే మరో 31. వేడెక్కాక రెసిస్టెన్స్ మూడో వంతు పెరుగుతుంది కాబట్టి రెండూ కలిపి 87 వాట్ల దాకా. 42 శాతం సమయమే కాబట్టి సగటు 37 వాట్లు.

37 వాట్లు. ఇంత ఇనుముకి అదొక లెక్కా? ఇద్దరం కాగితం వంక చూస్తూ కూర్చున్నాం. ఎక్కడో తప్పు చేశామనుకుని రెండోసారి వేశాం. అదే వచ్చింది.

అప్పుడు నాకు తట్టిన ప్రయోగం చాలా చిన్నది, ముందే చేసుండాల్సింది. ట్రాన్స్‌మిట్ చేయకుండా ఊరికే ఆన్ చేసి మూడు గంటలు వదిలేశాం. సెకండరీ 29.2 ఓమ్‌లు, అంటే 85 డిగ్రీలు. ఒక్క సిగ్నల్ కూడా పంపకుండానే.

సెకండరీ విప్పేసి, ప్రైమరీకి వేరియాక్ (తిప్పి వోల్టేజి మార్చుకునే ట్రాన్స్‌ఫార్మర్), వాట్‌మీటరు పెట్టాం. 210 వోల్టుల దగ్గర 24 వాట్లు, 220కి 30, 230కి 38, 240కి 49, 250కి 67. కరెంటు అయితే ఇంకా ఘోరం. 210 దగ్గర మూడో వంతు ఆంపియర్ తీసుకున్నది 250 దగ్గర మూడు ఆంపియర్లు దాటింది. కోర్ సాచురేషన్‌లోకి, అంటే అయస్కాంత క్షేత్రాన్ని ఇక మోయలేని స్థితిలోకి, పోతున్న గుర్తు అది. ఇక ఆయన గోడ సాకెట్లో వోల్టేజి ఎంతో చూద్దామంటే సాయంత్రం 238, రాత్రి పొద్దుపోయాక 246. ఎఫ్‌టి8 ఆడేది రాత్రిళ్లే.

246 దగ్గర కోర్ ఒక్కటే 60 వాట్లు తింటోంది. ట్రాన్స్‌మిట్ చేసినా చేయకపోయినా, స్విచ్ వేసినంత సేపూ. రాగి సగటు 37 దానికి పైన. ఎఫ్‌టి8ని తిట్టుకుంటూ వచ్చాం కానీ, అసలు దోషి 220 వోల్టుల ప్రైమరీకి 246 ఇవ్వడం. కట్టేటప్పుడు ఆయనకది తెలుసు. "కొంచెం ఎక్కువ వస్తే ప్లేట్ వోల్టేజి కూడా ఎక్కువే కదా" అనుకున్నారట. ఆ ఎక్కువ ఎంతో అప్పుడు లెక్కేశాం. లోడ్ లేనప్పుడు హెచ్‌టి 3480 వోల్టులు. కెపాసిటర్ల హద్దు 3600. ఇది చూశాక ఆయన కాసేపు మాట్లాడలేదు.

ఇంకో లెక్క కూడా వేశాం. 3-500జెడ్ ఫిలమెంట్ 5 వోల్టుల దగ్గర 14.5 ఆంపియర్ల వరకు తీసుకుంటుంది. రెండిటికీ కలిపి 145 వాట్ల దాకా, అదీ నిరంతరం. ఆ వేడి కూడా అదే పెట్టెలో. ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ గాలి 48 డిగ్రీలు ఉంది. అంటే పెద్ద ఫ్యాన్లు పెట్టి మేము చేస్తున్నది ట్యూబుల వేడిగాలిని ట్రాన్స్‌ఫార్మర్ మీదికి ఇంకా గట్టిగా తోలడం.

పనిచేసినవి

మొదటిది వోల్టేజి తగ్గించడం. 24 వోల్టులు, 15 ఆంపియర్ల చిన్న ట్రాన్స్‌ఫార్మర్ తీసుకుని, దాని సెకండరీని హెచ్‌టి ప్రైమరీకి సిరీస్‌లో, ఎదురు ఫేజులో కలిపాం. 246 కాస్తా 220 అయింది. ఫేజు తప్పితే తగ్గాల్సింది పెరిగి 270 దాటుతుంది, అందుకని ముందు హెచ్‌టి ట్రాన్స్‌ఫార్మర్ తగిలించకుండా ఒక బల్బు పెట్టి వోల్టేజి కొలిచి చూశాం. వేరియాక్ శాశ్వతంగా పెట్టొచ్చు కదా అని ఆయన అడిగారు. 12 ఆంపియర్లు మోసే వేరియాక్ బరువు, దాని కార్బన్ బ్రష్, పైగా ఎవరైనా మర నిండా తిప్పే ప్రమాదం. వద్దనుకున్నాం. చోక్ ఇన్‌పుట్ ఫిల్టర్ కూడా మాటల్లోకి వచ్చింది. దానితో కరెంటు గుక్కలు మెత్తబడి రాగి చల్లబడుతుంది, కానీ ప్లేట్ వోల్టేజి 2000 లోపుకి పడిపోతుంది. ఈ సెకండరీకి అది కుదరదు.

అదే పరీక్ష మళ్లీ చేశాం. అదే గది, అదే ప్లేట్ కరెంటు, రెండున్నర గంటలు. 30.3 ఓమ్‌లు, 97 డిగ్రీలు. ఒక్క ఫ్యానూ ముట్టుకోకుండా 18 డిగ్రీలు తగ్గాయి. ప్లేట్ వోల్టేజి పది శాతం తగ్గినందుకు అవుట్‌పుట్ సుమారు ఒక డెసిబెల్ పోయింది. అవతలి స్టేషన్‌లో సిగ్నల్ బలం చూపే ఎస్ మీటరు మీద ఒక యూనిట్ అంటే 6 డెసిబెల్స్. ఆ ఒకటి ఎవరి చెవికీ తెలియదు, ఆయన మనసుకి తప్ప.

రెండోది గాలి. ఇప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ నుంచి పోవాల్సింది 65 వాట్ల లోపే. సెకనుకి ఒక లీటరు గాలి ఒక డిగ్రీ వేడెక్కుతూ 1.2 వాట్లు మోసుకుపోతుంది. గాలి 5 డిగ్రీలు వేడెక్కినా ఫర్వాలేదనుకుంటే సెకనుకి 11 లీటర్లు చాలు. మామూలు 120 మిల్లీమీటర్ల ఫ్యాను అడ్డం లేనిచోట దీనికి చాలా రెట్లు ఇస్తుంది. కాబట్టి ఫ్యాను చిన్నది కావడం ఎప్పుడూ సమస్య కాదు, గాలి వెళ్లే దారే సమస్య. కుట్టు దారం ముక్కలు చిన్న కర్రపుల్లకు కట్టి, హెచ్‌టి తీసేసి ఫ్యాన్లు మాత్రం తిప్పి చూశాం. రెండు ఫ్యాన్ల గాలి మధ్యలో ఢీకొని, మూత చిల్లుల్లోంచి బయటికి పోతోంది. వైండింగ్‌కీ కోర్ కాలుకీ మధ్య ఉన్న సందు దగ్గర దారం కదలనే లేదు. రాగి నేరుగా గాలికి తగిలేది ఆ ఒక్క చోటే.

పెట్టెని రేకు గోడతో రెండు గదులు చేశాం. ట్యూబులకు వాటి బ్లోయర్, వాటి చిమ్నీ, పైకి దారి. ట్రాన్స్‌ఫార్మర్‌ని 90 డిగ్రీలు తిప్పి బిగించాం, సందులు గాలి దారికి సూటిగా వచ్చేలా. కింద చల్లగాలి వచ్చే చిల్లులు, ఎదురుగా బయటికి లాగే ఒకే ఒక ఫ్యాను, అటూ ఇటూ అట్ట ముక్కలు పెట్టి గాలికి వేరే దారి లేకుండా చేశాం. అట్టతో దారం పరీక్ష సరిగ్గా వచ్చాకే అదే కొలతతో ఫైబర్‌గ్లాస్ షీటు కోసి పెట్టాం. ఇందులో ఒక సాయంత్రమంతా పోయింది, మొత్తం కేసులో సరదాగా గడిచింది కూడా ఆ సాయంత్రమే. ఫలితం 28.9 ఓమ్‌లు. 82 డిగ్రీలు. రెండు ఫ్యాన్లతో 115 ఉన్నది ఒక్క ఫ్యానుతో 82కి వచ్చింది.

చివరగా ఒక థర్మల్ స్విచ్ పెట్టాలనుకున్నాం. వైండింగ్ మీదే అంటించాలని ఆయన కోరిక, అక్కడే కదా వేడి. కానీ ఈ ట్రాన్స్‌ఫార్మర్‌లో బయటి వైండింగ్ సెకండరీ. 2200 వోల్టుల పక్కనుంచి పీటీటీ (ట్రాన్స్‌మిట్ ఆన్ చేసే) తీగను ముందు ప్యానెల్‌కి లాగడానికి నేను ఒప్పుకోలేదు. కోర్ మీద పెట్టాం. వైండింగ్ 100 దగ్గరున్నప్పుడు కోర్ ఎంత ఉంటుందో అప్పటికి మా దగ్గర రీడింగులు ఉన్నాయి కాబట్టి ఏ డిగ్రీకి తెగాలో ఎంచుకోవడం కష్టం కాలేదు. అది తెగితే పీటీటీ మాత్రమే ఆగుతుంది, మెయిన్స్ ఆగదు. మెయిన్స్ ఆపితే ఫ్యాను కూడా ఆగుతుంది, లోపలి వేడి అలాగే ఉండిపోతుంది.

దీన్నుంచి నేను మార్చుకున్నవి

ఇప్పుడు ఎవరైనా కొత్త లీనియర్ చూడమంటే మొదట చల్లటి రెసిస్టెన్స్ కొలిచి కోర్ మీదే పెయింట్‌తో రాయిస్తాను, ఆ రోజు గది ఉష్ణోగ్రతతో సహా. ఆ రెండు అంకెలు లేకపోతే తర్వాత ఏ లెక్కా వేయలేం. రెండోది, ట్రాన్స్‌మిట్ లేకుండా మూడు గంటల పరీక్ష. కోర్ వేడినీ రాగి వేడినీ విడదీయడానికి దీన్ని మించిన తేలిక మార్గం నాకు తెలియదు. పది నిమిషాల డమ్మీ లోడ్ పరీక్ష ఇప్పటికీ చేస్తాను, కానీ దాంతో తెలిసేది ఏ భాగమైనా వెంటనే పేలుతుందా అన్నది మాత్రమే.

115 డిగ్రీల దగ్గర గడిచిన ఆ వారాల్లో ఇన్సులేషన్ ఎంత చెడిందో మాత్రం చెప్పలేను. 1000 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ రెసిస్టెన్స్ కొలిచే మీటరు)తో సెకండరీకీ కోర్‌కీ మధ్య చూస్తే బాగానే ఉంది. కానీ ఆ పరీక్ష పొరకీ పొరకీ మధ్య సంగతి చెప్పదు. అందుకే హెచ్‌టి ఫ్యూజ్ విలువ ఒక మెట్టు తగ్గించి పెట్టాం. ఆయన ఇంకో ట్రాన్స్‌ఫార్మర్ కోసం వెతుకుతూనే ఉన్నారు, ఈసారి లేబుల్ ఉన్నది.

తొమ్మిది నెలలైంది. మొన్న వెళ్లినప్పుడు ముందు ప్యానెల్ మీద ఇదివరకు లేని చిన్న ఏసీ వోల్ట్‌మీటరు ఒకటి కనిపించింది. ప్లేట్ కరెంటు మీటరు తీసి పక్కకి జరిపి మరీ దానికి మధ్యలో చోటిచ్చారు. రాత్రి పదకొండైంది, ముల్లు 221 మీద ఉంది.